చింతపండుతో తోమిన డ్రాగన్

లిమ్ అంకుల్ పాత నాణేల కొట్లో శర్మిల రోజూ చేసే మొదటి పని సాసర్‌లో నీళ్లు పోయడం. మధ్యాహ్నపు ఎండ అద్దాల బీరువా మీదికి జారే వేళకి వెండి నాణేల మీది డ్రాగన్లు ఒక్కొక్కటే కిందికి దిగి, నీళ్లు తాగి, మళ్లీ తమ నాణేల్లో చుట్ట చుట్టుకునేవి. బేరానికి వచ్చినవాళ్లు కాస్త పక్కకి జరిగి దారి ఇచ్చేవారు, అంతే.

దిగనిది ఒక్కటే. కాంటన్ టంకశాలలో యంత్రం మీద కొట్టిన తొలి వెండి డాలర్లలో అదొకటి. ఆ రోజుల్లో వర్తకులు వెండిని ఊరికే నమ్మేవారు కాదు. మోగించి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. మంచిదైతే తమ గుర్తొకటి దాని మీద కొట్టి పంపేవారు. చేతులు మారి మారి ఆ నాణెం ఒళ్లంతా గుర్తులే. పైన వందేళ్ల నలుపు. పాతదనానికి సాక్ష్యమైన ఆ నలుపు పోతే కొనేవాడుండడు. ఆ డ్రాగన్ ఎప్పుడు దిగుతుందా అని లిమ్ అంకుల్ తండ్రి బతికినన్నాళ్లూ చూశాడు. ఇప్పుడు కొడుకు చూస్తున్నాడు.

శుక్రవారం పొద్దున నిపుణులకి చూపించి రమ్మని అంకుల్ ఆ నాణేన్ని ముందురోజే శర్మిల చేతికిచ్చాడు. ఊరి చివర వుడ్‌ల్యాండ్స్‌లోని తమ ఫ్లాట్‌కి తెచ్చుకుంది. పొద్దున్నే ఆమె స్నానం చేసి వచ్చేసరికి అది దేవుడి ముందు, పసుపూ కుంకుమతో తళతళలాడుతోంది.

"అమ్మా, ఏం చేశావ్?"

"ఏటి సేత్తాను? శుక్రవారం కదా. వెండి సామాను చింతపండేసి తోమాను, దాంతోపాటు అదీనూ," అంది పైడమ్మ. "అంత మసేటే? మీ అంకులింట్లో ఆడోళ్లు లేరేటి?"

"నా జాబ్ పోయింది, అమ్మా."

పైడమ్మ చీర మార్చుకుని కూతురితో పాటు ట్రైనెక్కింది.

లిమ్ అంకుల్ నాణేన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"తప్పు నాది. పిల్లది కాదు," అంది పైడమ్మ, ఇద్దరికీ వచ్చిన మలయ్‌లో.

"సోమవారం నుంచి రావద్దులే, శర్మిలా," అన్నాడు తలెత్తకుండా.

"సరే అంకుల్. ఈ పూటకి నీళ్లు పోసి వెళ్తాను."

సాసర్ నింపింది. ఎండ జరిగి బీరువా మీదికి వచ్చింది. తోమిన నాణెం మీద ఏదో కదిలింది. సన్నటి డ్రాగన్ ఒకటి కళ్లు చికిలిస్తూ తల ఎత్తింది. నిద్రలేచిన పిల్లిలా ఒళ్లు విరుచుకుంది. వర్తకుల గుర్తులన్నీ వీపు మీద మోసుకుంటూ, మెల్లగా, తడబడుతూ దిగింది. మిగతా డ్రాగన్లు దారి వదిలి వెనక నిలబడ్డాయి. అది తాగింది. తాగుతూనే ఉంది. సాసర్ అడుగు కనిపించింది.

"పాపం, ఎన్నాళ్ల దాహమో," అంటూ పైడమ్మ తన సీసాలో నీళ్లు కూడా వంచింది.

లిమ్ అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. డ్రాగన్ తిరిగి చుట్ట చుట్టుకున్నాక నాణేన్ని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, మోత ఆగేదాకా విన్నాడు. అమ్మకం బీరువాలో కాకుండా తండ్రి ఫొటో కింద పెట్టాడు.

"శర్మిలా," అన్నాడు అటు తిరిగే. "సోమవారం వచ్చేటప్పుడు పెద్ద గిన్నె తీసుకురా. ఈ సాసర్ చాలదు."