డ్రమ్ములో బట్టల్లేవు

"బట్టలు అయిపోయినాయని నిన్న సాయంత్రం మళ్లా మెసేజ్ వచ్చె నా ఫోనుకు. పోయి చూస్తే మిషన్ డ్రమ్ములో బట్టల్లేవు. నీ బొమ్మ అబద్ధాలు చెప్తాంది రోహిణీ," అంది మా అత్తమ్మ గంగమ్మ, కాఫీ గ్లాసు సింకులో పెడుతూ. నేను ఒక చేత్తో దోసె తిప్పుతున్నాను. రెండో చెయ్యి పైకి లేవడం లేదు. భుజం వాచింది. ఎందుకు వాచిందో ఆమెకు తెలుసు. అయినా ఇద్దరం బొమ్మ గురించే మాట్లాడుకున్నాం.

"ఇయ్యాల చూస్తా అత్తమ్మా. వైరు లూజయి ఉంటది," అన్నాను.

ఆ బొమ్మను తయారుచేసింది నేనే. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టర్‌ని నేను. పగలంతా ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే పని. సగం రోజులు కొండాపూర్‌లోని ఈ ఫ్లాట్‌లో కూర్చునే చేస్తాను. నేను ఆఫీసు కాల్‌లో ఉండగా వాషింగ్ మిషన్ ఆగిపోయేది, తడి బట్టలు అందులోనే మాగేవి. "ఇంట్లో ఒక ఆడది కూర్చునుండి కూడా నా చొక్కాలు కంపు కొట్టాల్నా?" అని మా ఆయన యశ్వంత్ ఒకసారి తడి చొక్కాతో మొహం మీద కొట్టాడు. గుండీ తగిలి కంటి కింద చీరుకుపోయింది. సారీ చెప్పింది నేను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ వారమే అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు, అదురును పసిగట్టే చిన్న సెన్సార్ తెప్పించుకున్నాను. మిషన్ తిరిగినంతసేపూ బోర్డు ఊరుకుంటుంది. అదురు ఆగిపోయి కాసేపు గడిస్తే "బట్టలు అయిపోయాయి" అని అత్తమ్మ ఫోనుకు మెసేజ్ పంపుతుంది. ఆరేసే పని ఆమె తీసుకుంది. నిజానికి సెన్సార్‌ను మిషన్‌కే అంటించాలి, ఆమె ఒప్పుకోలేదు. "దసరాకు పసుపూ కుంకుమా పెట్టి మొక్కిన మిషనది. దానికి గమ్ము పూస్తావా?" అంది. సరేలెమ్మని మిషన్ ఆనుకున్న గోడకు అంటించాను. మిషన్ తిరిగితే గోడా అదురుతుంది కదా. ఆ గోడకు ఇవతలి వైపు మా పడగ్గది. మొదటి మెసేజ్ వచ్చిన రోజు వంటింట్లో నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. ఆ ఇంట్లో పూర్తిగా నాదైన వస్తువు అదొక్కటే.

ఆ తర్వాత ఇదిగో, ఈ తప్పుడు మెసేజ్‌లు. వైర్లు మార్చాను. అతుకులన్నీ విప్పి మళ్లీ సోల్డర్ చేశాను. ఛార్జర్ మార్చాను. లిఫ్టు మోటారును అనుమానించాను, పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్‌ను అనుమానించాను. చివరికి ఎప్పటిలాగే నన్నే అనుమానించుకున్నాను, నేను రాసిన ప్రోగ్రాంలోనే ఏదో తప్పుందని. యశ్వంత్ భోజనం దగ్గర నవ్వాడు. "ఫాల్స్ అలర్టే కదా. థ్రెషోల్డ్ పెంచు. ఇంత అదిరితేనే లెక్క అని హద్దు పైకి జరిపితే చిన్నచిన్నవి పట్టించుకోదు. ఇదీ తెలీదా? నీకు ఉద్యోగం ఎవడిచ్చినాడో." వాళ్లమ్మ కూడా పెళ్లైన కొత్తలో ఆ మాటే వేరేగా చెప్పింది, "మగోడు, కొంచెం ఓర్చుకోవాల" అని. హద్దు పెంచాను. మెసేజ్‌లు ఆగలేదు. ఇంకా పెంచాను. చివరికి వాషింగ్ మిషన్ గిరగిరా తిరిగినా బోర్డుకు చీమ కుట్టినట్టు లేదు, ఆ తప్పుడు మెసేజ్ మాత్రం మళ్లీ వచ్చింది. మిషన్ కంటే గట్టిగా ఆ గోడను అదిరిస్తున్నదేమిటో నాకు అంతుపట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆ సంగతేదో తేల్చాలని లాప్‌టాప్ మంచం మీద పెట్టుకుని కూర్చున్నాను. గోడ అదిరితే తెర మీద గీత పైకి లేస్తుంది. గీత చదునుగా పోతోంది.

"అన్నం యాడ?" అని తలుపు మూసి గడియ పెట్టాడు యశ్వంత్.

"కుక్కర్ పెట్టిన. జర ఆగు, ఈ గీత చూస్తున్న."

అంతే. యశ్వంత్ మొహం మీద చెయ్యి చేసుకోడు, మర్నాడు నేను ఆఫీసులో మొహం చూపించాలి కదా. చొక్కాతో కొట్టినప్పటి గాటుకు అందరూ కారణం అడిగారు, అప్పట్నుంచి జాగ్రత్త నేర్చుకున్నాడు. భుజాలు పట్టుకుని లేపి గోడకేసి కొట్టాడు. తల వెనక భాగం టప్పుమంది. మళ్లీ కొట్టాడు. "గీత చూస్తావా, గీత?" అంటూ జుట్టు గుప్పిట పట్టి మళ్లీ. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. వదిలేసి, బాత్రూంలోకి పోయి చేతులు కడుక్కోసాగాడు.

నేలమీద పడి ఉన్న నాకు లాప్‌టాప్ తెర కనిపిస్తోంది. నా వీపు తగిలిన ప్రతిసారీ గీత తెర పైఅంచు దాటి లేచింది. ఇప్పుడు మళ్లీ చదునుగా పోతోంది. కాసేపటికి హాల్లో అత్తమ్మ ఫోను టింగుమంది.

అడుగుల చప్పుడు మిషన్ వైపు పోలేదు. నేరుగా మా గది దాకా వచ్చి ఆగింది. తలుపు కింది సందులో ఆమె కాలివేళ్లు కనిపించాయి. కొంచెంసేపు అలాగే ఉన్నాయి, తర్వాత వెనక్కి తిరిగాయి. అంటే డ్రమ్ములో బట్టల్లేవని ఆమె ఎప్పుడూ మిషన్ తెరిచి చూసి చెప్పలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. వైరు బాగానే ఉంది, బోర్డు బాగానే ఉంది, నేను రాసిందీ బాగానే ఉంది. ఇన్నాళ్లూ సరిగ్గా పనిచేస్తున్న దాని నోరు నేనే నొక్కుతూ వచ్చాను, నన్ను నేను నొక్కుకున్నట్టే. మంచం పట్టుకుని లేచాను. థ్రెషోల్డ్‌ను కిందికి దించాను. ఆగి చూసే వ్యవధి తీసేశాను. మెసేజ్ మార్చాను. లింగంపల్లిలో ఉండే మా అన్న ఓంకార్ నంబరు, మా బ్లాక్ ఆడవాళ్ల గ్రూపు, యశ్వంత్ నంబరు కూడా చేర్చి బోర్డులోకి ఎక్కించాను. ఏది సరిచేసినా టెస్ట్ చెయ్యకుండా వదిలే అలవాటు నాకు లేదు.

బాత్రూంలో నీళ్ల చప్పుడు ఇంకా ఆగలేదు. గడియ తీసి వంటింట్లోంచి అల్లం దంచే ఇనుప రోకలి తెచ్చాను. యశ్వంత్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి ఆ గోడ పక్కన ఆగాడు. అతని తల నుంచి జానెడు దూరంలో గోడను బలంకొద్దీ కొట్టాను. పెచ్చు ఊడి అతని చెంపకు తగిలింది. మళ్లీ కొట్టాను. ఆ జానెడు దూరం కూడా వద్దని నా చేతులు అడిగాయి. అడిగాయి, ఎందుకు దాచాలి? ఆపింది నేను.

"మతి పోయిందా నీకు?" అని చెయ్యెత్తాడు. అతని జేబులో ఫోను మోగింది. హాల్లో అత్తమ్మది మోగింది. తీసి చదివాడు. "గ్రూపులో కూడా వేసినావా? తియ్. ముందు అది తియ్."

"ఇది టెస్టింగే. ఇగ నువ్వు చెయ్యేస్తే అసలుది పోతది," అన్నాను.

నా మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. ఎముక కలుక్కుమంది. రోకలి మాత్రం వదల్లేదు. వీధి తలుపు బెల్ మోగింది.

"అమ్మా, ఏం లేదని చెప్పి పంపించు," అని అరిచాడు.

తలుపు తీసిన చప్పుడు. ఎదురు ఫ్లాట్ బాలాత్రిపురసుందరి గారి గొంతు. "గ్రూపులో ఏదో వచ్చిందండి. 'బట్టలు కావు, నేను. రోహిణి' అని. ఏమైందండి?"

యశ్వంత్ పట్టు ఇంకా బిగించి నా వైపు చూసి నవ్వాడు, వాళ్లమ్మ ఏం చెబుతుందో తెలిసిన నవ్వు.

"నా కొడుకు కోడల్ని గోడకేసి కొడతాండాడు," అంది అత్తమ్మ. "ఎప్పటినుంచో. లోపలికి రాండమ్మా."