గోడ మీద అడ్రసు

బట్టలు కుట్టే షెడ్డు ముందు మోటారు సైకిలు ఆగిన చప్పుడు వినగానే గుండీలమ్మాయి బల్ల కిందికి దూరిపోయింది.

బండి దిగినవాడు దారపు రీళ్ళు తెచ్చే మనిషి. మూట లోపల పడేసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. బండి సందు చివర మలుపు తిరిగేదాకా ఆమె బయటికి రాలేదు.

"సూది దొరికిందా, ఇంకా వెతుకుతావా?" అంది పక్కన కాజాలు కుట్టే అక్క. "ఈ పిల్ల పడేసుకున్నన్ని సూదులు మన ఓనరు జన్మలో కొని ఉండడు."

షెడ్డంతా నవ్వింది. గుండీలమ్మాయీ నవ్వింది. నవ్వుతూనే, చేతిలోని చొక్కాకి గుండీ ఎక్కడ కుట్టాలో కనపడక కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. గుండీలు కుడుతుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు అక్కడెవరికీ తెలియదు. పనిలో చేరిన రోజు చెప్పింది కూడా తన పేరు కాదు.

రెండేళ్ళ కిందట ఆమె తమవాడు కాని ఒక బేకరీ పనివాణ్ణి పెళ్ళి చేసుకుంది. ఇంట్లో చెప్పలేదు. చెబితే గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. మొదట అద్దెకున్న ఇంటి జాడ పెద్దన్నకి ఎవరో చేరవేశారు. అన్నలిద్దరూ వచ్చేసరికి ఆమె పనిలో ఉంది, అతను ఒక్కడే ఇంట్లో ఉన్నాడు. ఆ రోజు నుంచి అతని ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాపడానికి రాదు. పిండి కుడిచేత్తోనే పిసుకుతాడు. "ఒంటిచేతి రొట్టె, రేటు పెంచాలి" అని తనమీద తనే జోకులు వేసుకుంటాడు. పెద్దన్న వెళ్తూ అన్నమాట చెప్పేటప్పుడు మాత్రం అతని మొహాన నవ్వు లేదు. "దాన్ని కూడా చూసుకుంటాం."

ఇప్పుడు వాళ్ళుండేది ఒక సైకిలు షాపు వెనక గది. తడి బట్టలు గదిలోనే ఆరేస్తారు. ఆడమనిషి బట్టలు బయట కనపడితే, ఆడమనిషి ఉందని తెలుస్తుంది. ఎండ తగలని బట్టలు ముక్కవాసన కొడతాయి. ఆ వాసన తన ఒంటికే పట్టేసిందని ఆమెకి అనుమానం.

అలాంటి రోజుల్లో ఒక బిల్లు వచ్చింది. పెద్దల ఒప్పుకోలు లేకుండా పెళ్ళి చేసుకున్నవాళ్ళ ఫొటో, అడ్రసు రిజిస్ట్రారు ఆఫీసు గోడకి నెలపాటు అంటించాలట. రెండువైపుల తల్లిదండ్రులకీ కబురు పంపాలట. ఇంతకుముందు అయిన పెళ్ళిళ్ళకీ ఇదే వర్తిస్తుందట. శాసనసభలో బల్లలు చరిచి మరీ పాస్ చేశారు. ఇక మిగిలింది గవర్నరు గారి సంతకమే.

ఆసుపత్రిలో అతని చేతికి కట్టు కట్టించిన రోజుల్లో కేసు పెట్టమని వెంటపడ్డ వకీలమ్మ, దారపు రీళ్ళ మనిషి వచ్చిన ఆ రోజు సాయంత్రమే వాళ్ళ గదికి వచ్చింది. ఆ గది జాడ తెలిసింది ఆమెకొక్కదానికే.

"రేపు గవర్నరు గారు మాకు కాసేపు టైమిచ్చారు. సంతకం పెట్టకుండా వెనక్కి పంపమని అడుగుతాం. మా అర్జీలు ఆయన బల్లమీద గుట్టలుగా పడి ఉన్నాయి. ఇది అనుభవించే మనిషి ఒక్కరూ ఆయన ఎదుటికి వెళ్ళలేదమ్మా."

"మా ఆవిడ రాదు మేడమ్," అన్నాడు అతను వెంటనే. "గేటు దగ్గర కెమెరాలుంటాయి. పేపర్లో బొమ్మ పడితే మా బతుకేంటి?"

వకీలమ్మ బతిమాలలేదు. టైము చెప్పి వెళ్ళిపోయింది.

"ఇంకో ఊరు పోదాం," అన్నాడు అతను తలుపు గడియ వేస్తూ.

"అక్కడ గోడలుండవా?"

"నువ్వు వెళ్ళావంటే నా పై ప్రాణాలు పైనే పోతాయే."

"నాకు మాత్రం ధైర్యంగా ఉందనుకున్నావా? ఇదిగో, చెయ్యి చూడు." చల్లబడ్డ అరచేయి అతని చేతిలో పెట్టింది. "వెళ్తే ఎవరైనా చూస్తారేమో. వెళ్ళకపోతే వాళ్ళే అంటిస్తారు."

అతను ఆ చెయ్యి వదల్లేదు. వద్దని కూడా మళ్ళీ అనలేదు.

మర్నాడు పూట జీతం వదులుకుని, మొహానికి చున్నీ చుట్టుకుని రాజ్‌భవన్‌కి వెళ్ళింది. కెమెరాల ముందు నుంచి వకీలమ్మ భుజం చాటున నడిచింది. లోపల పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. ఎదురు వరసలో బిల్లు కావాలని వచ్చిన తల్లిదండ్రుల సంఘం వాళ్ళు కూర్చున్నారు. ఇస్త్రీ బట్టలు, ఏడ్చి ఉబ్బిన మొహాలు. నాన్న ఉన్నాడేమో అని ఒక్కో తలా చూసింది. లేడు. చివర్లో ఒక కుర్రవాడు కాళ్ళు చాపుకుని తననే చూస్తున్నాడు. ఆమె తల దించేసుకుంది.

ఆ వరసలోంచి ఒక పెద్దావిడ లేచి వచ్చి పక్కన కూర్చుంది. "ఎందుకమ్మా అలా వణుకుతున్నావు? కాసిని నీళ్ళు తాగు," అని సీసా అందించింది. "మా పిల్ల నీ ఈడుదే. వెళ్ళి ఏడాది దాటింది. దాన్ని ఇంటికి లాక్కురావాలని కాదు తల్లీ. బతికుందో లేదో తెలిస్తే చాలు నాకు."

"మరి... ఇంట్లో వాళ్ళ నాన్న, అన్నలు?"

పెద్దావిడ సీసా మూత బిగిస్తూ ఉండిపోయింది.

లోపలికి పిలిచారు. గవర్నరు గారు పెద్దవయసు మనిషి, మెత్తగా మాట్లాడతారు. వకీలమ్మ చెప్పినదంతా ఓపిగ్గా విన్నారు. తర్వాత గుండీలమ్మాయి వైపు తిరిగారు. ఆమె ఎలాగో మొదలుపెట్టింది. మొదటి ఇల్లు, అన్నలు రావడం, అతని చెయ్యి. మధ్యలో రెండుసార్లు వెనకున్న తలుపు వైపు చూసింది.

"బయట తల్లులు కూడా ఏడుస్తున్నారమ్మా," అన్నారాయన. "వాళ్ళకి నేనేం చెప్పను?"

"బతికే ఉన్నామని చెప్పండి సార్. ఎక్కడున్నామో మాత్రం చెప్పకండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ మాటలు ఫైల్లో రాయిస్తాను. చెప్పింది ఎవరో అందులో ఉండాలిగా మరి. పేరు, ఇంటి అడ్రసు చెప్పమ్మా." పక్కనున్న కార్యదర్శి కలం పట్టుకున్నాడు.

"చెప్పు, పరవాలేదు," అని గుసగుసలాడింది వకీలమ్మ.

గుండీలమ్మాయి కుర్చీ అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"చెప్పనండి."

"భయపడకమ్మా, ఇది ప్రభుత్వ కాగితం. నా దగ్గరే ఉంటుంది."

"రేపు ఆ గోడకి అంటించేదీ ప్రభుత్వ కాగితమే కదండీ. చెప్పను సార్. నా మాటలు రాసుకోకపోయినా సరే."

కార్యదర్శి ఆయన మొహంలోకి చూశాడు. ఆయన రాయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కాసేపటికి గంట మోగింది, టైమైపోయిందన్నారు. సంతకం పెడతారో లేదో వకీలమ్మకీ అంతుపట్టలేదు.

మెట్ల మీద వకీలమ్మ ఆమె భుజం పట్టుకుంది. "నిన్ను చెప్పమన్నాను చూడు, బుద్ధి లేకపోయింది నాకు," అంది.

బేకరీ అతను రోడ్డవతల బస్టాపులో నిలబడి ఉన్నాడు. అనుకున్నట్టే పలకరించుకోలేదు. బస్సు రాగానే ఆమె ముందు తలుపున, అతను వెనక తలుపున ఎక్కారు. బస్సు కదులుతుండగా ఇంకొకడు పరిగెత్తి ఎక్కాడు. హాల్లో కాళ్ళు చాపుకుని కూర్చున్న కుర్రవాడు.

టికెట్టు తీసుకుని, ఆమె వెనక రెండో సీట్లో కూర్చున్నాడు. ఇంటికే పోతున్నాడేమో. వాళ్ళ ఇల్లు ఇటువైపేనేమో. ఆమె కిటికీ అద్దంలో చూసింది. కుర్రవాడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుతున్నాడు. ఇంజను మోతలో మాటలు వినపడలేదు.

వాళ్ళు దిగాల్సిన స్టాపు వచ్చింది. కండక్టరు రెండుసార్లు అరిచాడు. బేకరీ అతను లేచి, వెనక మెట్టు మీద ఒక కాలు పెట్టి, ముందుకు చూశాడు.

ఆమె కదల్లేదు. ఒళ్ళో చేతులు బిగించుకుని నేరుగా ముందుకే చూస్తోంది.

అతను కాలు వెనక్కి తీసుకుని కమ్మీ పట్టుకున్నాడు. కండక్టరు ఈల వేశాడు. బస్సు స్టాపు దాటిపోయింది.