ఎడమ పక్క అంకె

విత్తనాల నిల్వకేంద్రంలో వదినది మొలకల పరీక్ష, మరదలిది కంప్యూటర్ల పని. పోట్లాడుకోవడానికి ఇంట్లో తీరిక చాలక ఆఫీసులో కూడా పక్కపక్క బల్లలు తీసుకున్నారని తోటివాళ్ల హాస్యం.

ఆ వారం వదినకు ముద్ద దిగడం లేదు. చలిగదిలో దాచిన నల్లచుక్కల చిక్కుడు మొలకెత్తడం మానేసింది. ఆ రకం ఇంకెక్కడా లేదు, సీసాలో మిగిలింది గుప్పెడే. ఈసారీ మొలవకపోతే సీసా ఖాళీ చేసి ఆ చోటు వేరేదానికి ఇచ్చేయమన్నాడు పై అధికారి. గది ఎప్పుడూ అయిదు డిగ్రీల దగ్గరే ఉందని మరదలి నివేదిక చెబుతోంది కాబట్టి తప్పు విత్తనానిదేనని ఆయన తేల్చేశాడు. నోరులేని విత్తనం మీదికి నేరం తోసెయ్యడం వదినకు మింగుడు పడలేదు.

ఆ అంకెలు ఎక్కణ్నుంచి వస్తాయో తనకూ చూపించమని మరదల్ని పట్టుకుంది.

గదిలోని యంత్రం గంటగంటకూ ఫైల్లో ఒక వరుస రాస్తుంది. తేదీ, వేళ, ఎన్ని డిగ్రీలు, తలుపు తెరిచి ఉందా మూసి ఉందా. నల్లటి తెర మీద ‘కట్’ అని కొట్టి, ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా కావాలో చెబితే చాలు, ప్రతి వరుసలోనూ అంతవరకే కోసి, ఒకదాని కింద ఒకటి పేర్చి ఇస్తుంది. వదినకు అది తెగ నచ్చేసింది. తేదీలు కోసింది, మరదలు చెప్పిన చోట డిగ్రీలు కోసింది, తలుపులు కోసింది, ఎవరికీ అక్కర్లేనివి కూడా కోసింది. మరదలు తల పట్టుకుని టీ తెచ్చుకోవడానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి వదిన తెరకు ముక్కు ఆనించినంత పని చేస్తోంది.

“నా పుట్టినరోజున రెండు డిగ్రీలట. ఆ రోజే కదా మీ అన్నయ్య కొన్న స్వెటర్ వేసుకుని గదిలోకి వెళ్లాను? ఉక్కపోసి తీసేశాను, ఉన్ని మందమేమో అనుకున్నా. రెండు డిగ్రీల్లో ఉక్కపోస్తుందా ఎవరికైనా?”

“మా అన్నయ్య ఎంపిక కదా, నచ్చక తీసేసి ఉంటావు,” అంది మరదలు.

వదిన వినిపించుకోలేదు. ఆ రెండుకు అటుపక్క ఏముందో చూడాలనిపించింది. కోసే చోటును ఒక్క అక్షరం ఎడమకు జరిపి మళ్లీ కొట్టింది. మామూలు రోజుల్లో అయిదుకు ముందు ఖాళీ. పుట్టినరోజున మాత్రం రెండుకు ముందు ఇంకో రెండు.

మరదలి చేతిలో టీ చల్లారిపోయింది. చలిగది పది దాటుతుందని కలలో కూడా అనుకోక, నివేదికకు డిగ్రీలు కోసేటప్పుడు ఒక్క అంకె చోటే ఇచ్చింది తను. ఆ ఎండాకాలం చల్లబరిచే యంత్రం రోజుల తరబడి మొరాయించింది. ఇరవై రెండు రెండయింది, ఇరవై అయిదు అయిదయింది, ఎవరికీ అనుమానం రాలేదు. వదిన ముఖం చూడలేక గొంతు తగ్గించి, “నా వల్లే చచ్చిపోయాయి కదా?” అంది.

“చచ్చాయని ఎవరన్నారు? వేడికి నీరసపడి ఉంటాయి,” అంది వదిన. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టుంది. నీరసపడ్డ గింజను ఒక్కసారిగా నీళ్లలో ముంచితే పగిలిపోతుంది. ఇన్నాళ్లూ తను చేసింది అదే, గట్టి గింజలే కదా అనుకుని నానబెట్టింది. ఈసారి మిగిలినవన్నీ పళ్లెంలో తడి కాగితాల మధ్య పరిచి, నెమ్మదిగా చెమ్మ పీల్చుకోనిచ్చింది.

తర్వాతి రోజుల్లో మరదలు ఆ పళ్లెం వైపు కన్నెత్తి చూడలేదు. ఒక ఉదయం వదిన కాగితం మడత విప్పి, వంగి లెక్కపెడుతుంటే, ఉండబట్టలేక తన బల్ల దగ్గర్నుంచే ఎన్ని మొలిచాయని అడిగింది.

“రెండు.”

“ముందు ఇంకో అంకె ఉందేమో సరిగ్గా చూడు, వదినా.”

“చూశాను. రెండే.” వదిన ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. “చాలు. పెరిగి కాశాయంటే సీసా అవే నింపుతాయి.”

మరదలు లేచి వచ్చి, ఆ రెండు మొలకలనూ ఎడమ పక్క నుంచి తనే మళ్లీ లెక్కపెట్టింది.