ముక్కు మేస్త్రి దుప్పటి

కారు బానెట్ ఎత్తి, కడ్డీ ఆనించి, ముక్కు మేస్త్రి అలవాటు ప్రకారం ఇంజను మీదికి వంగి గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ తగల్లేదు. ఇంకోసారి పీల్చాడు. చల్లటి గాలి లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది, అంతే.

బక్కపలచని మనిషి. ముఖంలో అన్నిటికన్నా ముందు ముక్కే కనిపిస్తుంది. వేళ్ల మడతల్లోని నలుపు సబ్బుతో పోరాడి గెలిచి స్థిరపడిపోయింది. ఏ బండి అయినా షెడ్డు ముందు పూర్తిగా ఆగకముందే "క్లచ్ మాడుతోంది", "నీళ్లు కారుతున్నాయి" అని వాసనతో చెప్పేసేవాడు కనుక జనం ఆయనకి ఆ పేరు పెట్టారు. ఆ ముక్కు ఇప్పుడు ఉత్త అలంకారం. చలికాలంలో ఒక జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసనని కూడా వెంటబెట్టుకు పోయింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న ఆవిడకి కూడా చెప్పలేదు. వంటవాడు తన నాలుక పోయిందని చాటింపు వేసుకుంటాడా?

కారు డ్రైవింగ్ టీచరమ్మది. అది తిరిగితేనే ఆవిడ ఇల్లు గడుస్తుంది. ఎందరికో దాని మీదే నేర్పింది, ఎందరో దాన్ని గోడలకి గుద్దారు. ఈ మధ్య ఆగిన చోటల్లా నూనె మరక వదులుతోంది, పోసిన నూనె పోసినట్టే మాయమవుతోంది, నీలంగా పొగ కూడా వస్తోంది. ఇంకో షెడ్డు వాళ్లు అడుగున నూనె తొట్టికి కారకుండా వేసే ప్యాకింగ్ ఒకసారి కాదు, రెండుసార్లు మార్చారు. అయినా కారుతూనే ఉంటే ఇంజను పోయిందన్నారు. కప్పు కారుతుంటే నేల తవ్వుకుంటూ కూర్చున్నట్టుంది ఆ వైద్యం. నూనె పైన ఎక్కడో పుట్టి, ఒళ్లంతా పాకి, అడుగున చుక్కవుతుంది. చుక్క పడ్డ చోటు కాదు, తడి మొదలైన చోటు వెతకాలి. ఈ మాట మేస్త్రి వచ్చినవాళ్లందరికీ చెప్పి విసిగించేవాడు.

కారడం ఒక జబ్బు, కాలడం ఇంకో జబ్బు. తాళం తిప్పాడు. వెనక గొట్టంలోంచి నీలం పొగ ఒక్కసారి ఉమ్మినట్టు వచ్చి ఆగిపోయింది. వాల్వుల మీది రబ్బరు సీళ్లు గట్టిపడితే రాత్రంతా నూనె కొద్దికొద్దిగా లోపలికి దిగి, పొద్దున్నే ఇలా పొగవుతుంది. అది చిన్న పనే. కానీ ఇంజను బాగా వేడెక్కాక మళ్లీ పొగ లేచింది. షెడ్డులో గాలి సుడి తిరుగుతుంది. పొగ వెనక గొట్టంలోంచి వస్తోందో, ముందు పుట్టి కారు కిందనుంచి వెనక్కి పాకుతోందో కంటికి తేలలేదు. వెనకనుంచి అయితే పిస్టన్ రింగులు అరిగినట్టే. ఇంజను మొత్తం విప్పాలి. ఇంత పాత కారుకి అంత ఖర్చు దండగ. తుక్కుకే.

అప్పుడే ఫోన్ మోగింది. టీచరమ్మ.

"మేస్త్రిగారూ, ఉంచుకోమంటారా? ఇచ్చెయ్యమంటారా? వాసన చూసి చెప్పెయ్యండి, మీ మాటే నాకు లెక్క."

"సాయంత్రం చెప్తానమ్మా" అన్నాడు. ఒకప్పుడు ఒక్క పీల్పుకి తేలిపోయే మాట అది. ఆవిడ అన్నం గిన్నె తన చేతిలో ఉన్నట్టు అనిపించింది. తప్పు చెప్పడం కన్నా షెడ్డు మూసుకోవడం నయమనుకున్నాడు.

మధ్యాహ్నం ఇంజను మళ్లీ వేడెక్కించి చూస్తుంటే భార్య క్యారేజీ పట్టుకుని వచ్చింది. పక్క వీధిలో బట్టలు కుడుతుంది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. గుమ్మంలోనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏమిటండీ ఈ మాడు కంపు! మూకుడు పొయ్యి మీద మర్చిపోయినట్టు?"

"ఎటు నుంచి?" అనేశాడు మేస్త్రి.

ఆమె ఆయన వంక చూసింది. క్యారేజీ బల్ల మీద పెట్టి, కారు వెనక్కి వెళ్లి వంగింది. తర్వాత ముందుకి వచ్చి వంగింది.

"వెనకాల మామూలే. మాడుతున్నది ఇదిగో, ఇక్కడ."

"నిజంగా?"

"నిజంగానే. మీ ముక్కు సంగతి నాకు తెలుసులెండి. మాడిన కూర మారు వడ్డించుకుని తిన్నారే, ఆ రోజే తెలిసింది. మీరే చెప్తారని చూస్తున్నా."

"చెప్తే ఇంక నా దగ్గర ఏం మిగులుతుంది?"

"చెయ్యి మిగల్లేదా? ముక్కు నాకుంది. ఇద్దరికీ చాలదూ?"

మేస్త్రికి కళ్లు చెమర్చాయి. పొగ అన్నాడు. పొగే అన్నది ఆమె కూడా. ఇన్ని నెలల తర్వాత ఆయన గుండె మీది బరువు దిగింది.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, శుభ్రంగా కడిగి ఆరబెట్టాడు. పౌడరు డబ్బా తీసి, తడి మొదలైన చోటు కనిపించేలా ఇంజనంతా తెల్లగా చల్లాడు.

"నా ముఖానికి ఎప్పుడూ ఇంత పౌడరు లేదు గానీ" అన్నది ఆమె, అది తన డబ్బాయే కనుక.

ఇంజను మళ్లీ తిప్పారు. పౌడరు మీద సన్నటి నల్లటి దారి పడింది. పైమూత వెనక మూలలో మొదలై, వేడి పొగగొట్టం మీదికి దిగి, అక్కడ మాడుతోంది. పైమూత ప్యాకింగ్ అన్నమాట. రింగులు కావు. మేస్త్రి పసిపిల్లాడిలా నవ్వాడు.

మధ్యాహ్నమంతా పని. ప్లగ్గు రంధ్రంలోంచి నూలుతాడు లోపలికి కుక్కి, వాల్వులు జారిపోకుండా ఆనించి, రాయిలా గట్టిపడ్డ సీళ్లు ఒక్కొక్కటీ తీసి కొత్తవి వేశాడు. ఆమె మూత తుడిచి అందిస్తే, కొత్త ప్యాకింగ్ పెట్టి బిగించాడు. సాయంత్రం ఉతికిన పాత దుప్పటి కారు కింద పరుస్తుంటే ఆమె అరిచింది.

"ఆ చేతులతోనా! నిన్ననే ఉతికాను."

"ఇదేమైనా పెళ్లిపందిరా?" అంటూ మూల లాగి సరిచేశాడు. తర్వాత టీచరమ్మకి ఫోన్ చేశాడు. "తుక్కుకి వద్దమ్మా. ఒక్క రాత్రి ఉండనీ. చుక్క పడలేదని కింద పరిచిన దుప్పటి చెప్పాక తాళం ఇస్తాను."

ఇంటికి నడుస్తూ అన్నాడు, "నీ కుట్టు మిషను షెడ్డులోనే వేసుకోకూడదూ? కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది."

"వెలుతురు కోసమా, ముక్కు కోసమా?"

"రెండూను" అన్నాడు.

తెల్లవారి ఆమె లేపబోతే ఆయన లేవలేదు. నిద్రలోనే, ఎవరినీ కంగారు పెట్టకుండా వెళ్లిపోయాడు.

ఒక్క రాత్రికని పరిచిన దుప్పటి కారు కింద దినవారాలు ముగిసేదాకా అలాగే ఉండిపోయింది. టీచరమ్మ తాళం అడగలేదు. రోజూ వచ్చి మేస్త్రి భార్య పక్కన కూర్చునేది. చివరికి ఆమే ఒక ఉదయం "పద" అని వెళ్లి షెడ్డు తెరిచింది. టీచరమ్మ తాళం తిప్పింది. పొగ రాలేదు. ఇంజను వేడెక్కేదాకా ఆగి ఆమె ముందు వంగింది, వెనక వంగింది, నిదానంగా పీల్చింది.

"ఏ వాసనా లేదు. తీసుకెళ్లమ్మా. ఆయన మాట దక్కింది."

టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత కారెక్కి వెళ్లింది. ఇదంతా చూసిన పక్క షెడ్డు మేస్త్రి గుమ్మంలో నిలబడి మొహమాటంగా అడిగాడు.

"అక్కా, నా దగ్గరో బండి ఉంది. వీలైతే ఒకసారి వాసన చూస్తావా?"

"మిషను ఇక్కడికి తెచ్చుకున్నాక వస్తా. ఆ కిటికీ దగ్గర వేసుకోమన్నారు" అన్నది ఆమె.

తర్వాత ఆమె వంగి దుప్పటి చూసింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క నూనె చుక్క లేదు, ఆయన లాగి సరిచేసిన మూలన మాత్రం నల్లగా నాలుగు వేళ్లు.