వంద లీటర్ల తొట్టి

భర్త పోయాక ఆరేళ్ళుగా ఆవిడ అత్తగారింట్లోనే, డాబా మీది గదిలో ఉంటోంది. ఇంటిల్లిపాదికీ వండిపెట్టేది ఆవిడే, తిండి దండగ అనిపించుకునేదీ ఆవిడే. ఇప్పుడు ఆ గది కూడా ఖాళీ చెయ్యమన్నారు. కింద మరిది నడిపే, పెంపకం చేపలూ తొట్టెలూ అమ్మే షాపుకు సామాను పెట్టుకునే చోటు కావాలట.

"డాబా మీద చేపలు పెంచుతానత్తయ్యా," అని బతిమాలింది. "చేపల మురికి నీళ్ళే మొక్కలకు ఎరువు. మొక్కలు ఆ నీళ్ళు శుభ్రం చేసి మళ్ళీ చేపలకే ఇస్తాయి. కూరలూ చేపలూ ఇంట్లోవే అవుతాయి."

"మూడు నెలలు చూస్తా," అంది అత్తగారు. "చేపలు బతికితే గది నీది. చస్తే మీ అన్న ఇంటికి పో."

కిందటిసారి వెళ్ళినప్పుడు ఆ అన్న గేటు తియ్యకుండానే కుశలమడిగి పంపించాడు.

తొట్టి ఎంతది కావాలో ఆవిడకేం తెలుసు? మరిదినే అడిగింది. షాపు వెనక బోర్లించిన వెయ్యి లీటర్ల నీలం ట్యాంకు చూపించి, "అది ఊరికే పడుందిగా, ఇవ్వరాదూ?" అంది.

"అమ్మో! నిండితే టన్ను బరువు వదినా. స్లాబు కూలి అందరం పోతాం." వేలెడంత తిలాపియా చేపపిల్లను అరచేతిలో పెట్టి చూపించాడు. "దీనికి సముద్రం కావాలా చెప్పండి? వంద లీటర్లు చాలు. ముప్పై పిల్లలు వేసుకోండి."

తొట్టి తనే మోసుకొచ్చి పెట్టాడు. పంపు బిగించాడు, గులకరాళ్ళ ట్రేలు అమర్చాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళ చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి మరి.

పాలకూర మొలిచింది. ఆవిడ వంటయ్యాక పైకొచ్చి చేపలతో కబుర్లు చెప్పేది. ఆరేళ్ళలో ఆవిడ మాట వినడానికి పైకి తేలిన మొదటి ప్రాణులవి. పద్దెనిమిదో రోజుకల్లా నీళ్ళు ఘాటు వాసన వేశాయి. చేపలు నోళ్ళు తెరిచి పైపైనే కొట్టుకుంటున్నాయి. డాబా మీద కుళాయి లేదు. ముప్పై రెండు మెట్లు బకెట్లతో ఎక్కి నీళ్ళు మార్చింది. ఆకలితో ఉన్నాయేమోనని, పిచ్చితల్లి, పిడికెడు మేత ఎక్కువ వేసింది.

మర్నాడు మధ్యాహ్నానికి ముప్పైకి ముప్పై వెల్లకిలా తేలాయి. ఎండకు తొట్టి నీళ్ళు కాగి ఉన్నాయి. "నా చేతులే మంచివి కావు," అని తనను తాను తిట్టుకుంటూ ఒక్కొక్కదాన్నీ ఏరింది. అత్తగారు పైకొచ్చి చూసి, "వారంలో సర్దుకో," అని దిగిపోయింది.

వారం తర్వాత పెట్టె పట్టుకుని షాపులోంచే బయటికి వెళ్ళాలి. ఇంటికి వేరే దారి లేదు. కౌంటరు దగ్గర ఒక టీచరమ్మ నిలబడి తొట్టెలు చూస్తోంది.

"మొదటిసారా మేడమ్?" అంటున్నాడు మరిది. "అయిదు వందల లీటర్లకు తగ్గొద్దు. పిల్లల్ని చూసి కాదు, పెరిగాక ఎంతవుతాయో చూసి తొట్టి కొనాలి. ఎక్కువ నీళ్ళుంటే ఒకరోజు మేత ఎక్కువైనా ఏం కాదు. వంద లీటర్లలో ముప్పై వేశారనుకోండి, ఇరవై రోజులు కూడా బతకవు. మా పై గది ఖాళీ అయింది, వెయ్యి లీటర్లది అక్కడే పెడుతున్నా. ఆదివారం వచ్చి చూడండి."

ఆవిడ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కూలుతుందన్న స్లాబు అదే. మరిది చూశాడు. తడబడలేదు, మాట మార్చలేదు.

"కావాలంటే మా వదిననడగండి," అన్నాడు నవ్వుతూ. "చిన్న తొట్టి పెట్టి చూశారు."

"ఎన్నాళ్ళు బతికాయమ్మా?" అంది టీచరమ్మ జాలిగా.

ఆవిడ పెట్టె కింద పెట్టింది. "పంతొమ్మిది రోజులు."

"చూశారా మేడమ్," అన్నాడు మరిది. "ఒక్కరోజే తేడా."