గీతలో లేని రాక

గర్భం పోయాక సాయిదుర్గ ముదినేపల్లిలో పుట్టింట్లోనే ఉండిపోయింది. ఆ రోజు నాగాయలంకలో ఆస్పత్రికి ఆటోలో ఒక్కతే వెళ్లింది. నొప్పి మొదలవగానే భర్త పనిచేసే గది గుమ్మం దాకా వచ్చానని, అతను కంప్యూటరు తెర మీంచి తల తిప్పలేదని, పిలవడానికి నోరు రాక వెనక్కి వెళ్లిపోయానని ఫోనులో చెప్పింది. మోహనకృష్ణ నమ్మలేదు. నమ్మితే, ఆ గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చున్న మనిషిగానే తను జీవితాంతం ఉండాలి.

నాగాయలంక కొబ్బరితోటలో అతను భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తాడు. సూర్యుడి నుంచి వీచే కణాల గాలి తగిలితే ఆ క్షేత్రం మీటిన తీగలా కంపిస్తుంది. ఆ కంపనం తెర మీది గీతలో సన్నటి అలగా పడుతుంది. సెన్సరు పాతిన గొయ్యి గదికి వెళ్లే దారి పక్కనే ఉంది. ఇనుము ఏ కాస్త దగ్గరికొచ్చినా గీత ఎగురుతుంది.

ఆ రోజు మధ్యాహ్నపు రికార్డు తెరిచాడు. ఆమె చెప్పిన వేళకి చిన్న కదలిక ఉంది. దూరాన ఉన్న ఇంకో స్టేషను రికార్డు తెప్పించి పక్కన పెట్టాడు. అక్కడా అదే అల, అదే లయ. అంటే అది పైనుంచి వచ్చింది, మనిషి వల్ల కాదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు ముదినేపల్లి వెళ్లాడు. అత్తగారు రాధాకుమారి మంచినీళ్లిస్తూ, "మిషన్ని ఒంటరిగా వదిలేసి వచ్చారేంటి అల్లుడుగారూ, బెంగపెట్టుకోదూ?" అని లోపలికి వెళ్లింది.

సాయిదుర్గ చేపల చెరువు వైపు మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఆ రోజు నీకు ఒంట్లో బాగోలేదు దుర్గా. వద్దామనుకుని ఉంటావు. ఒక్కోసారి మనసు అనుకున్నదాన్నే జరిగిందంటుంది," అన్నాడు మెల్లగా. "గీతలో ఎవరూ లేరు."

"చూశారా?"

"చూశాను. ఇంకో స్టేషనుతో పోల్చి కూడా చూశాను."

ఆమె గాజులకున్న పిన్నీసుని కాసేపు తిప్పింది.

"ఈ పిన్నీసులన్నీ తోట గేటు దగ్గరే తీసిపెట్టి వచ్చానండీ. తాళికున్నవి కూడా. ఎప్పుడూ అలాగే కదా వస్తాను, మీరు చెప్పినట్టే."

"అంత నొప్పిలోనా?"

"మీ పని పాడవుతుందని."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు.

"తల తిప్పలేదని నాకు కోపం లేదు. పనిలో ఉన్నారు, తెలియలేదు అనుకున్నాను," అంది. "కానీ నా మాట చాల్లేదు మీకు."

లోపల్నుంచి రాధాకుమారి కేకేసింది. "ఇద్దరికీ వడ్డించెయ్యనా?"

"ఆయనకే పెట్టమ్మా," అంది సాయిదుర్గ. "బస్సుకి వెళ్లిపోతారు."