కొలంబస్ ఇయ్యాల ఊగదు

ప్రభుదాసు పొద్దున లేవగానే చేసే మొదటి పని గేటు బాధ వినడం. కాజీపేటలోని ఆ ఇంటి గేటుకు కింది బందు అరిగి చాలా రోజులైంది. ఆయన దాని మీద చెయ్యి వేసి, కాసేపు తల ఊపి, రెండు చుక్కలు నూనె పోసి లోపలికి వస్తాడు. ఆ తర్వాత అల్లుడి స్కూటీ స్టాండు, ఆ తర్వాత వంటింట్లో కత్తిపీట. రైల్వేలో కీమ్యాన్‌గా ముప్పై రెండేళ్లు సుత్తి పట్టుకుని పట్టాల వెంట నడిచిన మనిషి. ఇనుము ఏమంటే అది ఆయనకు వినబడుతుంది.

వినబడితే ఎవరికీ ఇబ్బంది లేదు. విన్నదంతా వచ్చి కూతురికి చెబుతాడు. అదీ ఇబ్బంది.

"బిడ్డా, నిన్న గుమ్మడికాయ కోసిన కాడ సంది కత్తిపీట నడుం నొప్పి అంటాంది."

"అననియ్యి డాడీ."

"ఫ్యాను రాడ్డు గూడ..."

"ఎనిమిదిన్నరకు నేను ల్యాబు తెరవాలె. ఫ్యాను రాడ్డుతోటి నువ్వే మాట్లాడుకో."

స్వప్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనుషుల నొప్పులు వినాలి. ఇంటికొస్తే ఇనుము నొప్పులు. అందుకే మే నెలలో భర్త విన్సెంటు ఊరి బయట కొత్తగా కట్టిన థీమ్ పార్కు రిసార్టులో రెండు రోజులకు గది బుక్ చేసినప్పుడు, ఆమె తండ్రికి ఒకే ఒక్క షరతు పెట్టింది.

"రెండు రోజులు ఏ ఇనుము మాటా నా చెవిల వడొద్దు. ఒక్కటంటే ఒక్కటి. ఒప్పుకుంటెనే కారెక్కు."

"సరే బిడ్డా," అన్నాడు ప్రభుదాసు, కారు తలుపు ఏదో అంటుంటే దాని మీద చెయ్యి వేసి సముదాయిస్తూ.

జాగ్రత్తలు స్వప్నకు తెలియనివి కావు. పదకొండేళ్ల కూతురు ప్రియాంక ముంజేతి మీద బాల్‌పెన్నుతో తన ఫోన్ నంబరు రాసింది. తప్పిపోతే గడియారం స్తంభం కింద నిలబడాలని మూడుసార్లు చెప్పించుకుంది. గేటు దగ్గరి బోర్డు మీద పద్నాలుగు నిబంధనలు ఉంటే పద్నాలుగూ చదివింది. విన్సెంటు అప్పటికే బోర్డుకు ఆనుకుని సెల్ఫీ దిగుతున్నాడు.

"జర నువ్వు గూడ చదువరాదు?"

"నువ్వు చదివినవ్ కద. మల్ల నేనెందుకు?"

ప్రభుదాసు మాట నిలబెట్టుకున్నాడు. నోరు విప్పలేదు. కానీ మొహాన్ని ఏం చేస్తాడు? తనిఖీ గేటులోంచి నడిచేటప్పుడు పళ్లు బిగించాడు. గదిలో ఇనుప మంచం మీద కూర్చుని, పాపం అన్నట్టు నాలిక చప్పరించాడు. రంగులరాట్నం పక్కన నడుస్తూ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఎండకు కాలిన ఇనుము మామూలుగా కంటే ఎక్కువ మాట్లాడుతుంది మరి.

"డాడీ, గట్ల మూల్గకు. అందరు చూస్తాండ్రు."

"నేనేమన్న అన్ననా?"

"అనకపోవుడే అన్నట్టున్నది."

మధ్యాహ్నం భోజనమయ్యాక కొలంబస్ దగ్గరికి వచ్చారు. పడవ ఆకారంలో పెద్ద ఊయల అది. ముందుకూ వెనక్కూ ఊగుతూ ఆకాశానికి లేస్తుంది. అందరికంటే ఎత్తుకు పోయేది చివరి వరుస. ప్రియాంక పరుగెత్తి ఆ వరుసలోనే కూర్చుంది. మీటల దగ్గర నీలం టోపీ పెట్టుకున్న రమ అనే ఆవిడ ఉంది. పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చి పనిచేస్తుంది. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, ఒడి మీది అడ్డకమ్మీ బిగిసిందో లేదో లాగి చూసింది. అది చూసి స్వప్నకు మనసు నిమ్మళమైంది.

తండ్రి వైపు తిరిగింది. ఆయన మొహంలో బాధ లేదు. పడవ పైకి, దాన్ని మోసే పెద్ద పిన్ను వైపు చూస్తున్నాడు. హమ్మయ్య అనుకుంది. అంతలో ఆయన జనాన్ని ఆపే తాడు కింది నుంచి దూరి, పోయి పడవ ముందు మెట్టు మీద కూర్చున్నాడు.

"డాడీ! ఏం చేస్తానవ్?"

"అది మాట్లాడ్తలేదు."

"ఏది?"

"పైన పిన్ను. తతిమ్మ ఇనుమంత మొత్తుకుంటాంది. అదొక్కటి సప్పుడు చేస్తలేదు."

స్వప్నకు ఒళ్లు మండిపోయింది. "దేవుడా! ఇన్నేండ్లకు ఒక ఇనుము ఊకున్నది. దాన్ని గూడ ఊకోనియ్యవా?"

"మొత్తుకునే పట్టా మీదికెల్లి ఎన్నో బండ్లు పంపిన బిడ్డా. ఊకున్న పట్టా మీదికెల్లి ఒక్కటి గూడ పంపలే."

వరుసలో నిల్చున్నవాళ్లు అరవడం మొదలుపెట్టారు. పడవలోంచి ప్రియాంక, "తాతా, ప్లీజ్, లెవ్వు!" అని ఏడుపు గొంతుతో పిలిచింది. మామ పరువు తీస్తున్నాడని విన్సెంటు ఐస్‌క్రీమ్ బండి వెనక్కు పోయాడు. మేనేజరు సారంగపాణి చెమట తుడుచుకుంటూ, చంకలో ఫిర్యాదుల రిజిస్టరుతో వచ్చాడు.

"చెప్పండి సార్, ఏ వస్తువు?"

"పైన పిన్ను."

రాసుకున్నాడు. "ఏమన్నది?"

"ఏమనలే."

సారంగపాణి పెన్ను ఆగిపోయింది. "సార్, ఇక్కడ వస్తువు ఏమన్నదని ఒక గడి ఉన్నది. అది ఖాళీగ ఉంటె పైవాళ్లు తీసుకోరు. పొద్దున రంగులరాట్నం మోకాళ్లు నొస్తున్నయ్ అన్నదని ఇంకో సార్ చెప్పిండు, రాసుకున్నం. మీ పిన్ను ఏమీ అనలేదంటె నేనేం రాయాలె?"

"ఏమీ అనలేదని రాయుండ్రి."

"గది ఫిర్యాదు గాదు సార్! మెచ్చుకోలు అయితది. రమా, పెద్దమనిషిని లేపి బండి నడిపియ్యి."

స్వప్న తండ్రి చెయ్యి పట్టుకుని లేపబోయింది. ఆ చెయ్యి మెట్టు అంచును వదల్లేదు. సుత్తి పట్టిన చెయ్యి. తల్లి శవపేటిక మీద మట్టి వేసిన రోజు కూడా ఇంత బిగుసుకోని చెయ్యి. ఆమె దాన్ని వదిలేసింది. తర్వాత పడవెక్కి, చివరి వరుసకు పోయి, కూతురి మీది అడ్డకమ్మీ ఎత్తింది.

"మమ్మీ, నువ్వు గూడనా!"

"ఊకో. దిగు."

"మీ పిల్లను దించుకున్నరు, మంచిదే. మరి మా పిల్లలో?" అని ముందు వరుసలో ఒకామె అడిగింది.

రమ మీట మీది నుంచి చెయ్యి తీసి ప్రభుదాసు దగ్గరికి వచ్చింది. "బాపూ, ఎన్ని దినాల సంది మాట్లాడ్తలేదు?"

ఆయన పడవను మోసే ఇనుప కాలికి అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నాడు. "పక్క కమ్మీ చెప్తాంది. మొన్న ఆదివారం సంది."

రమ మొహం పాలిపోయింది. ఆదివారం జనం విపరీతం. ఒక్కో సీట్లో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టమని తనకు చెప్పారు. కూర్చోబెట్టింది. ఆమె పోయి ఎర్ర బటన్ నొక్కి, తాళంచెవి తీసి జేబులో వేసుకుంది.

"అందరు దిగుండ్రి. కొలంబస్ ఇయ్యాల ఊగదు."

"రమా, నౌకరీ ఉండాల్నా వద్దా?" అన్నాడు సారంగపాణి.

"ముందు వాళ్లు దిగనియ్యుండ్రి సార్."

తిట్టుకుంటూ, కాళ్లు నేలకేసి కొడుతూ అందరూ దిగారు. ప్రభుదాసు కూడా మెట్టు మీది నుంచి లేచి తాడు ఇవతలికి వచ్చాడు. సారంగపాణి తన దగ్గరున్న రెండో తాళంచెవి తీశాడు. అందరి ముందూ నిరూపిస్తానని ఖాళీ పడవను తనే నడిపించాడు. మొదటి ఊపు బాగానే ఉంది. రెండోదీ బాగానే ఉంది. మూడో ఊపుకు పైన టప్‌మని చిన్న శబ్దం వచ్చింది. పడవ ఒకపక్కకు ఒరిగి, చివరి వరుస పోయి ఇనుప కంచెకు గుద్దుకుంది. సీట్లు అట్టముక్కల్లా మడతపడ్డాయి.

ప్రియాంక వచ్చి తల్లి నడుమును గట్టిగా పట్టుకుంది. విన్సెంటు ఎప్పుడొచ్చాడో వచ్చి, కూతురి తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

స్వప్న తండ్రి దగ్గరికి పోయింది. ఆయన భుజం మీద గట్టిగా ఒక్కటి కొట్టింది. "పిల్ల ఎక్కేదాక ఎందుకు ఊకున్నవ్ డాడీ? ముందుగాలనే చెప్పద్దా?"

"నువ్వే వద్దంటివి గద బిడ్డా."

"నేను వద్దంటె ఊకుంటవా? ఎప్పుడన్న నా మాట విన్నవా? గీ ఒక్కనాడే వినాల్నా?" అంటూనే ఏడ్చేసింది.

మరునాడు రిసార్టువాళ్లు ఒక కాగితం పంపారు. పిన్ను ముందుగా ఏమీ అనలేదని ప్రభుదాసు సంతకం పెట్టాలట. దాని పక్కనే, అందుకే ఆపినం అని రాసి ఆయన సంతకం పెట్టాడు. రమను పదిహేను రోజులు పనిలోకి రావద్దన్నారు. ఆ పదిహేను రోజులూ ఆమె పరకాలలో బస్సెక్కి కాజీపేట వచ్చింది. ప్రభుదాసు ఆమెను రైల్వే యార్డు బయట పాత పట్టా ముక్కల దగ్గర కూర్చోబెట్టి, అరచెయ్యి ఎట్లా ఆనించాలో, ఎంతసేపు ఊపిరి బిగబట్టాలో నేర్పాడు.

"ఇంట్ల ఒకరున్నది సాలదా డాడీ," అని విసుక్కుంటూనే స్వప్న ఇద్దరికీ చాయ్ పోసేది.

పదిహేను రోజులూ రమకు ఏమీ వినబడలేదు. పనిలోకి తిరిగి తీసుకుని ఆమెను జెయింట్ వీల్‌కు మార్చారు. జూలైలో ఒక ముసురు పొద్దున, గేట్లు తెరిచాక, అలవాటుగా దాని ఇనుప కాలికి చెయ్యి ఆనించింది. సన్నగా, తన ఊరి యాసలోనే, ఎవరో తనను తిడుతున్నారు. గ్రీజు తక్కువ పెడుతున్నావని, పైన నాలుగో డబ్బా వంక ఎన్నడూ చూడవని. రమ ఉలిక్కిపడి చెయ్యి తీసింది. మళ్లీ ఆనించింది.

"ఏందమ్మా, నడిపిస్తవా లేదా?" వరుసలో ముందున్నాయన అరిచాడు. వెనక నుంచి ఈలలు వేశారు.

రమ తాళంచెవి జేబులో వేసుకుని, కుర్చీ లాక్కుని, ఆ ఇనుప కాలి పక్కన కూర్చుంది.

"జర ఆగుండ్రి. ఇంక చెప్తనే ఉన్నది."